ఎంటాంగిల్‌మెంట్‌ను చిక్కుముడి అనవచ్చా?

ధర్మవరం నుంచి, చర్చ మొదలుపెడుతూ

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఒక కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పుట్టిల్లు ధర్మవరం. 2022లో మా జిల్లా పేరు శ్రీ సత్యసాయి అయింది గానీ, రైల్లో ఎవరైనా ఏ జిల్లా అని అడిగితే నా నోట ఇంకా అనంతపురమే వస్తుంది.

విషయం ఇది. పోయిన వారం, అతి చిన్న కణాల నడతను చెప్పే క్వాంటమ్ పాఠంలో ఎంటాంగిల్‌మెంట్ దగ్గరికి వచ్చాను. మా తరగతిలో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు ఎక్కువ. అందుకని ప్రతి కొత్త మాట పక్కనా ఒక తెలుగు మాట రాయడం నాకు అలవాటు. పత్రికల్లో కనిపించేదే కదా అని ‘క్వాంటమ్ చిక్కుముడి’ అని బోర్డు మీద రాశాను. రెండు రోజుల తర్వాత చిన్న పరీక్ష పెడితే ఒక అబ్బాయి రాసిన జవాబు: ‘క్వాంటమ్ చిక్కుముడి అనగా శాస్త్రవేత్తలు ఇంతవరకు పరిష్కరించలేకపోయిన సమస్య.’

సున్నా వేయడానికి చేయి రాలేదు. తప్పు వాడిది కాదు, నాది. తెలుగులో చిక్కుముడి అంటే వాడు రాసినదే మరి.

ఆ రాత్రి ఇంగ్లీషు మాట ఎక్కడెక్కడ తిరుగుతుందో ఒక కాగితం మీద రాసుకున్నాను. తాళ్ళు, దారాలు, జుట్టు ఒకదానిలో ఒకటి దూరిపోవడం. చేపల వలల్లో తాబేళ్ళు, తిమింగలాలు చిక్కుకుపోవడం. యుద్ధంలో శత్రువు రాకుండా పరిచే ముళ్ళతీగ. ఒక దేశం మరొక దేశం తగాదాలోకి ఈడ్వబడటం. పెళ్ళి బయట సాగే ప్రేమ వ్యవహారం. చివరికి, ఎంత దూరాన ఉన్నా రెండు కణాల స్థితి ఒకటిగా ఉండటం. ఇవన్నీ ఒక్క మాట మోస్తున్న బరువులు.

మా ఇంట్లో మగ్గం ఉండేది. చిలప నుంచి కండెలకు పట్టు చుట్టే పని చిన్నప్పుడు నాది, మా చెల్లెలిది. పోగు చిక్కుపడితే నేను లాగేదాన్ని. మా అమ్మ చేతి మీద ఒకటి వేసి, “లాగితే బిగుస్తుంది, వదులు చెయ్యి, కొస వెతుకు” అనేది. కొస దొరికిందంటే చిక్కు లేనట్టే. అదే పట్టు, అదే పోగులు, మగ్గం మీదికి ఎక్కి పడుగు పేకలయితే దాన్ని ఎవరూ చిక్కు అనరు, చీర అంటారు. రెండు చోట్లా దారం మీద దారమే పడుతుంది. ఒకదాన్ని విప్పాలని చూస్తాం, ఇంకొకదాన్ని విప్పితే కడుపు మండుతుంది. ఇంగ్లీషు మాట ఈ రెండింటి మధ్యా ఎక్కడో నిలబడి ఉంది. తెలుగు మాత్రం ఏ పక్కనో తేల్చి చెప్పమంటోంది.

మీరేమంటారు?


కర్నూలు నుంచి, వకీలు

చెల్లెమ్మా, మీ కణాల సంగతి నాకు తెలియదు గానీ, చిక్కులతోనే ముప్పై ఏళ్ళుగా అన్నం తింటున్నాను, కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటాను.

మా దగ్గర ఒక్క మాట సరిపోదు. ఎవరి వల్ల చిక్కుకున్నాడు అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. తనంతట తాను దూరితే ‘ఇరుక్కున్నాడు’. పక్కవాడు దూర్చితే ‘ఇరికించారు’. ఎవరూ దూర్చకపోయినా తాత చేసిన అప్పు మనవడి దాకా వస్తే ‘మెడకు చుట్టుకుంది’. నా దగ్గరికి వచ్చే కక్షిదారుల్లో నూటికి తొంభై మంది మొదటి వాక్యంలోనే ‘ఇరికించారు సార్’ అంటారు. ఫైలు తెరిస్తే సగం మంది ఇరుక్కున్నవారే.

ఒప్పంద పత్రంలో ఒక షరతు పెట్టి రేపటికి దారి మూసేస్తే ‘మెలిక పెట్టాడు’. కచేరీలో కాగితం వెనక్కి పంపుతూ ఉంటే ‘కొర్రీ వేశాడు’. ఇద్దరూ దిగిరాకపోతే ‘పీటముడి పడింది’. తుంగభద్ర నీళ్ళలో మూడు రాష్ట్రాల వాటాలు, సుంకేసుల దగ్గర మొదలయ్యే కే.సీ. (కర్నూలు-కడప) కాలువ వాటా, ఆ లెక్కలన్నీ ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయే, అది చిక్కుముడి. అక్కడ ఆ మాట నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది. విప్పాలి, విప్పగలం, విప్పేవాడు కావాలి.

దేశాల సంగతి ఎత్తారు కాబట్టి ఒకటి చెబుతాను. విదేశాలతో చిక్కుముడి పొత్తులు వద్దు అన్న ఇంగ్లీషు మాటను చాలామంది జార్జ్ వాషింగ్టన్ పేరున చెబుతారు. ఆయన 1796 వీడ్కోలు సందేశంలో ఇతర దేశాలతో శాశ్వతమైన పొత్తులకు దూరంగా ఉండమన్న మాట నిజమే. ‘ఎంటాంగ్లింగ్’ అన్న విశేషణం మాత్రం థామస్ జెఫర్సన్‌ది, 1801 మార్చి 4న అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు ఉపన్యాసంలోది. శాంతి, వ్యాపారం, స్నేహం అన్ని దేశాలతోనూ, చిక్కుకుపోయే పొత్తు ఏ ఒక్కరితోనూ వద్దు అని దాని సారం. దీన్ని నేనైతే ‘మెడకు చుట్టుకునే పొత్తులు’ అని తెలుగు చేస్తాను. పొత్తు పెట్టుకున్న రోజు పూలదండే. చుట్టుకున్నాకే తాడని తెలుస్తుంది.


ధర్మవరం

అన్నా, ‘మెడకు చుట్టుకునే పొత్తులు’ బాగుంది, తీసుకుంటున్నాను. నా అవసరం మాత్రం తీరలేదు. నా కణాలను ఎవరూ ఇరికించలేదు, అవి ఇరుక్కోనూ లేదు.


కడప నుంచి, విశ్రాంత తెలుగు పండితుడు

అమ్మా, మీ ప్రశ్న చూసి చాలా సంతోషం కలిగింది. మా ఇల్లు యర్రముక్కపల్లెకు దగ్గర. బ్రౌన్ దొర పేరు మీద గ్రంథాలయం ఉన్న చోటు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడు ఈ భాషలో చిక్కుకున్నాడో, పెనవేసుకున్నాడో మీరే చెప్పండి. 1852కు నిఘంటువు అచ్చు వేశాడు. చిక్కుకున్నవాడయితే బదిలీ కాగితం రాగానే బయటపడేవాడు కదా.

సరే, మాటల దగ్గరికి వస్తాను. తెలుగులో ఈ భావానికి కనీసం మూడు వేర్లు ఉన్నాయి.

మొదటిది తగులు. దెబ్బ తగులుతుంది, గాలి తగులుతుంది, చేప గాలానికి తగులుతుంది, నిప్పు తగులుకుంటుంది. తాకడం నుంచి పట్టుకోవడం దాకా, అక్కడి నుంచి వదలకపోవడం దాకా ఒకే మాట నడిచింది. పాత కవులకు ‘తగులము’ అంటే అనురాగం, మనసు అంటుకుపోవడం. అది గౌరవమైన మాటే. ఈ రోజు వీధిలో ‘వాడికి ఎవరో తగులుకున్నారు’ అంటే అందులో గౌరవం ఏమీ లేదు. ఇంగ్లీషులో ప్రేమ వ్యవహారానికి మీ మాటను వాడేటప్పుడు కూడా మూతి కొంచెం పక్కకు తిప్పే వాడతారని విన్నాను. కాబట్టి ఆ అర్థానికి తగులాటమే తగిన మాట. ఇక్కడ ఎవరైనా ‘తగవు’ కూడా తగులు నుంచే పుట్టింది అంటారేమో, ముందే చెబుతున్నాను, కాదు. అది ‘తగు’ నుంచి వచ్చింది. తగవు అంటే మొదట న్యాయం, తగినది. తగినది ఏదో తేల్చుకోవడానికి కూర్చున్నవారు కొట్టుకోవడం మొదలుపెట్టాక ఇప్పటి అర్థం వచ్చింది. దీనికి వకీలు గారే సాక్షి.

రెండవది లంపటం. సంస్కృతంలో లంపటుడు అంటే దేనికో మితిమీరి ఆశపడేవాడు, ధనలంపటుడు, విషయలంపటుడు అన్నట్టు. తెలుగువాళ్ళు ఆ ఆశను మనిషి లోపల నుంచి తీసి బయట పెట్టారు. ‘ఈ లంపటం నాకెందుకు?’ అంటే నాది ఆశ కాదు, నా చుట్టూ ఉన్నది బంధం అని చెప్పుకోవడం. చాలా తెలివైన పని. జంజాటం, బాదరబందీ దీని పక్కింటివే.

మూడవది మీకు కావలసినది. పెన. పెన అంటే మెలి, ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం. పెనచడం, పెనవేయడం, పెనగొనడం దాని నుంచే వచ్చాయి. కిత్తనార తాడు పేనుతామే, ఆ పేనడం కూడా దీనికి చుట్టమే. రావిచెట్టు కింద నాగరాయి మీద రెండు పాములు ఉంటాయి చూడండి, వాటిని చిక్కుకున్న పాములు అని పొరపాటున కూడా అనం, పెనవేసుకున్న పాములు అంటాం. ఇందులో ఇంకొక ముచ్చట ఉంది. పెనగడం అంటే పోరాడటం కూడా. పెనుగులాట అదే. కౌగిలికీ కుస్తీకీ ఒకే వేరు. దగ్గరికి వచ్చి విడదీయలేకుండా అయ్యాక అది ప్రేమా పోరా అన్నది చూసేవాళ్ళ తగాదా.

గజేంద్రమోక్షంలో పోతన ‘కరి దిగుచు మకరి సరసికి’ అని మొదలుపెట్టి ‘కరికి మకరి మకరికి కరి’ అంటాడు. ఏనుగును మొసలి మడుగులోకి లాగుతుంది, మొసలిని ఏనుగు ఒడ్డుకు లాగుతుంది. పద్యంలో కూడా ఆ రెండు మాటలూ ఒకదాని కాలు ఒకటి పట్టుకుని కనిపిస్తాయి. ఏనుగు సంగతి చెప్పకుండా మొసలి సంగతి చెప్పలేరు. మీ కణాలు అలాంటివేనా? పోతనది ఒంటిమిట్టా, బమ్మెరా అన్న చిక్కులోకి మాత్రం ఎవరూ దిగవద్దు, ఇది ఆ చర్చ కాదు.


మడకశిర నుంచి, విద్యార్థి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. కన్నడంలో ‘సిక్కు’ అంటే జుట్టు చిక్కు, దొరకడం కూడా. ‘సిక్కితు’ అంటే దొరికింది. మా వైపు తెలుగులో కూడా ‘బస్సు చిక్కింది’, ‘సీటు చిక్కలేదు’ అంటాం. కోస్తా నుంచి వచ్చిన మా హాస్టలు మిత్రుడు ‘బస్సు ఎక్కడ చిక్కుకుంది?’ అని కంగారుపడ్డాడు. తమిళంలో సిక్కల్ అంటే సమస్య అని విన్నాను. కాబట్టి చిక్కు అంటే సమస్యే అని ఎందుకు అనుకోవాలి? దొరకడం కూడా ఉంది కదా.


ధర్మవరం

తమ్ముడూ, మంచి మాట చెప్పావు. చిక్కు దొరకడమే. కానీ ఎవరికి? దొంగ పోలీసులకు చిక్కుతాడు. పోలీసులు దొంగకు చిక్కరు. ఒకరు పట్టేవారు, ఒకరు పట్టుబడేవారు. నా కణాలలో పట్టేది ఏదీ లేదు. చిక్కిపోవడం అంటే సన్నబడటం, చిక్కని పాలు అంటే నీళ్ళు కలపనివి. ఈ మాట ఇప్పటికే చాలా పనులు చేస్తోంది, ఇంకొకటి దాని నెత్తిన పెట్టబుద్ధి కావడం లేదు.

అయ్యవారూ, మీ ఏనుగు మొసలి ఉపమానం నిద్ర పట్టనివ్వలేదు. ఎంతవరకు సరిపోతుందో చెప్పాలంటే శాస్త్రం కొంచెం చెప్పాలి. వకీలు అన్నకు విసుగు వస్తే ఈ పేరా దాటెయ్యవచ్చు.

చెప్పుల జత ఒకటి తీసుకుని, చూడకుండా ఒక్కొక్కటి ఒక్కో పెట్టెలో పెట్టి, ఒక పెట్టె కర్నూలుకు, ఇంకొకటి కడపకు పంపామనుకోండి. మధ్యలో సుమారు 200 కిలోమీటర్లు. కర్నూలులో పెట్టె తెరిస్తే ఎడమకాలి చెప్పు కనిపించింది. కడప పెట్టెలో కుడికాలిది ఉందని ఆ క్షణమే తెలిసిపోతుంది. ఇందులో వింత లేదు, పెట్టెలు బయలుదేరక ముందే తేలిపోయిన సంగతి. కణాల మధ్య సంబంధం కూడా ఇలా ముందే తేలిపోయినదే అయి ఉండాలి, క్వాంటమ్ సిద్ధాంతం దాన్ని చెప్పలేకపోతోంది, కాబట్టి సిద్ధాంతం అసంపూర్ణం అని 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ వాదించారు. ఆ వాదం చదివాకే అదే సంవత్సరం ఎర్విన్ ష్రోడింగర్ ఈ పేరు పెట్టాడు. ఇంగ్లీషు వ్యాసంలో ఎంటాంగిల్‌మెంట్, జర్మన్ వ్యాసంలో ఫెర్‌ష్రాంకుంగ్.

ఐన్‌స్టీన్ వాదం సరా, క్వాంటమ్ సిద్ధాంతం సరా అన్నది ప్రయోగంతో తేల్చవచ్చని 1964లో జాన్ బెల్ లెక్క వేసి చూపించాడు. చెప్పుల జత లాంటిదయితే కర్నూలు ఫలితాలకూ కడప ఫలితాలకూ మధ్య పొంతన ఒక హద్దు దాటకూడదు. దాటింది. 1972లో జాన్ క్లాసర్, స్టువర్ట్ ఫ్రీడ్‌మన్ మొదటిసారి చూశారు, 1982లో అలెన్ ఆస్పే ఇంకా గట్టిగా చూపించాడు. 2022లో క్లాసర్, ఆస్పే, ఆంటన్ జైలింగర్‌లకు నోబెల్ వచ్చింది. అంటే ఈ ‘చిక్కుముడి’ విప్పలేని సమస్య కాదు. పరీక్షించి, కొలిచి, బహుమతి కూడా ఇచ్చిన సంగతి. మా అబ్బాయి జవాబు నన్ను ఎందుకు అంత గుచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

జర్మన్ మాట మీద ఒక్క నిమిషం ఆగుతాను. ఫెర్‌ష్రాంకుంగ్ అంటే చిక్కు కాదు. చేతులు కట్టుకుని నిలబడతామే, ఒక చేయి మీదుగా ఇంకొక చేయి, జర్మన్‌లో ఆ భంగిమకు ఇదే మాట. చేతులు కట్టుకున్నవాడిని చేతులు చిక్కుకున్నవాడు అంటామా? స్పానిష్ వాళ్ళు పెట్టుకున్న పేరు కూడా ‘అల్లిక’ అన్న అర్థం ఇచ్చేదే. పేరు పెట్టినవాడి సొంత భాషలో లేని చిక్కు, ఇంగ్లీషు మీదుగా వచ్చి మన నెత్తిన పడింది.

అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం ఇంకొకటి. చిక్కుముడిని విప్పడానికి కష్టపడతాం. ఎంటాంగిల్‌మెంట్‌ను విడిపోకుండా ఉంచడానికి కష్టపడాలి. పీటముడి ఎంత మొండిదో ఇది అంత సుకుమారం. కొంచెం వేడి తగిలినా, దారిన పోయే ఒక అణువు తాకినా పలచబడిపోతుంది. కొన్ని రకాల క్వాంటమ్ కంప్యూటర్ల లోపలి భాగాన్ని, అంతకన్నా చలి ఉండలేని మైనస్ 273 డిగ్రీలకు అంగుళం దూరంలో ఉంచేది ఇందుకే. 2017లో చైనా వాళ్ళు ఉపగ్రహం నుంచి రెండు కాంతికణాలను కిందికి పంపి 1,200 కిలోమీటర్ల ఎడంలో కూడా ఆ పొంతన నిలిచిందని చూపిస్తే అందరూ ముక్కున వేలు వేసుకున్నది, ముడి పడినందుకు కాదు, ముడి విడిపోనందుకు. మన దేశం 2023లో జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 6,003 కోట్ల రూపాయలకు పైగా కేటాయించింది. అంత డబ్బు పోసి పెంచుకునేదాన్ని చిక్కుముడి అంటే, పాపం అనిపించడం లేదూ?

ఇక ఏనుగు, మొసలి. ‘ఒకదాని సంగతి చెప్పకుండా ఇంకొకదాని సంగతి చెప్పలేరు’ అన్నారు చూడండి, అది నూటికి నూరుపాళ్ళు సరి. ష్రోడింగర్ చెప్పిన అసలు వింత కూడా అదే. జంట మొత్తం గురించి తెలుసుకోగలిగినదంతా తెలిసినా, విడివిడిగా ఒక్కొక్కదాని గురించి చెప్పడానికి ఏమీ ఉండకపోవచ్చు. కానీ ఏనుగు లాగితే మొసలి కదులుతుంది. ఇక్కడ అది లేదు. కర్నూలులో చూసినవాడు కడపకు ఒక్క అక్షరం కూడా పంపలేడు. రెండు ఊళ్ళ పుస్తకాలూ తెచ్చి పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటేనే పొంతన తెలుస్తుంది. కాబట్టి పెన సరిపోతుంది, పెనుగులాట సరిపోదు.

నేను ‘పెనవేత’ అనుకుంటున్నాను. క్వాంటమ్ పెనవేత. ఎలా ఉంది?


కర్నూలు

పేరా దాటలేదు చెల్లెమ్మా, మొత్తం చదివాను. ఒక సందేహం. కర్నూలు కణం కడప కణంతో పెనవేసుకుని ఉండగా మధ్యలో నంద్యాల కణం వచ్చి చేరితే?


ధర్మవరం

మీరు తెలిసి అడిగారో తెలియక అడిగారో గానీ, అది అసలైన ప్రశ్న. రెండు కణాలు పూర్తిగా పెనవేసుకుంటే మూడవదానికి అందులో చోటు లేదు. మూడవదానితో ఎంత చేరితే ఈ రెంటి మధ్య అంత తగ్గుతుంది. నేను పైన వేడి తగిలితే పలచబడుతుంది అన్నదీ ఇదే, చుట్టూ ఉన్న గాలితో, గోడతో పెనవేసుకుపోయి సొంత జంటను మరిచిపోవడం. శాస్త్రవేత్తలు ఈ గుణానికి పెట్టుకున్న పేరును తెలుగు చేస్తే ఏకపత్నీవ్రతం.


కర్నూలు

అయితే ఇంకెందుకమ్మా వెతకడం? బ్రహ్మముడి! పెళ్ళిలో ఇద్దరి కొంగులకు వేసేది. ముడే గానీ చిక్కు కాదు. విప్పాలని వేసేది కాదు. మూడవ మనిషి వస్తే చెడిపోతుంది. కుటుంబ న్యాయస్థానంలో రోజూ చూస్తున్నాను.


కదిరి నుంచి, చిన్న బడి నడుపుతున్న ఒకామె

వకీలు గారూ, బ్రహ్మముడి వేసిన గంటకు విప్పేస్తారు, మీరు మీ పెళ్ళిలో చూసుకోలేదేమో.

చెల్లీ, నాకు శాస్త్రం తెలియదు, నా ఇద్దరు ఆడపిల్లల జుట్టు తెలుసు. పొద్దున లేచేసరికి చిక్కు. నూనె రాసి దువ్వితే పోతుంది. మూడు పాయలు తీసి అల్లితే జడ. అది మనం కావాలని వేసేది, సాయంత్రం విప్పేది. పట్టించుకోకుండా ఏళ్ళు వదిలేస్తే జటలు కడుతుంది. అది దువ్వెనకూ లొంగదు, విప్పడానికీ రాదు, కత్తెర ఒక్కటే దారి. ఒకే జుట్టు, మూడు మాటలు.

మా దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది కదా. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దాదాపు ఐదెకరాలు, వెయ్యికి పైగా ఊడలు. పిల్లలను తీసుకువెళ్తే ‘అసలు చెట్టు ఏది టీచర్?’ అని అడుగుతారు. చూపించలేను. ఏది మాను, ఏది ఊడ అన్నది పోయింది, మొత్తం ఒక చెట్టు. అక్కడ ఎవరి నోటా చిక్కు అన్న మాట వినలేదు. ‘అల్లుకుపోయింది’ అంటారు. మీ కణాలకు అల్లిక ఎందుకు కాకూడదు?


ధర్మవరం

అక్కా, మీ జుట్టు లెక్క రేపే తరగతిలో చెబుతాను. అల్లిక నాకూ ఇష్టమే, స్పానిష్ వాళ్ళూ మనమూ ఒక దారిన ఉంటాం. ఒక్కటే ఇబ్బంది. మర్రిమానులో ఊడలన్నీ కలిసి ఒకే చెట్టు అయిపోయాయి, హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసిపోయినట్టు. కలిశాక ఇది హంద్రీ నీరు అని గ్లాసులో పట్టి చూపలేం. కణాలు అలా కలిసిపోలేదు, రెండూ రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి కర్నూలులో, ఒకటి కడపలో. అల్లిక అనగానే కంటికి ఒక బుట్టో చాపో కనిపిస్తుంది, అందులో దూరం లేదు. పెనవేతలో మాత్రం ఉందా అంటే, అక్కడా లేదు, ఒప్పుకుంటాను. దూరాన్ని లోపల పెట్టుకున్న మాట తెలుగులో నాకు కనిపించింది ఒక్కటే, బాదరాయణ సంబంధం. అది పూర్తిగా తలకిందులు. మా బండి చక్రం రేగు కర్రది, మీ ఇంటి ముందు రేగు చెట్టు, కాబట్టి మనం బంధువులం. అక్కడ లేని సంబంధాన్ని ఉందంటారు. ఇక్కడ ఉన్న సంబంధాన్ని ఐన్‌స్టీన్ అంతటివాడు ముందే తేలిపోయిన మామూలు పొంతనే అనుకున్నాడు.


కడప

అమ్మా, రెండు రోజులు ఊళ్ళో లేను. పెనవేత గురించి నా అభ్యంతరం వినండి.

నేయు నుంచి నేత, కోయు నుంచి కోత, మేయు నుంచి మేత. ఆ లెక్కన పెనవేయు నుంచి పెనవేత. వ్యాకరణం ఒప్పుకుంటుంది. చెవి ఒప్పుకోదు. రేపు ఉదయం పత్రిక తెరిచి ‘వేత’తో ముగిసే మాటలన్నీ గీత గీసి చూడండి. కూల్చివేత, మూసివేత, నిలిపివేత, అణచివేత, కొట్టివేత, లెక్కల్లో తీసివేత. అన్నీ లేకుండా చేసే పనులే. వాటి పక్కన మీ పెనవేతను కూర్చోబెడితే పాపం అది కూడా బుల్డోజరు ఎక్కివచ్చినట్టే వినబడుతుంది.

రెండవది ఇంకా ముఖ్యం. పెనవేయడం అంటే ఎవరో బయటివాడు వేయడం. మీకు కావలసింది ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం. ఆ ‘కొను’ పోతే పరస్పరం అన్నది పోయింది. మరి కొను ఉన్న క్రియలకు నామం ఎలా చేస్తాం? వీడుకొను, వీడుకోలు. వేడుకొను, వేడుకోలు. కొనుగోలులో ఉన్నదీ ఆ కోలే. పెనగొను అన్న క్రియ నిఘంటువులో ఉన్నదే, నేను పుట్టించలేదు. దానికి నామం చేస్తే, పెనగోలు.

క్వాంటమ్ పెనగోలు. పలికి చూడండి.


ధర్మవరం

పలికాను. వంటింట్లో పలికితే మా అమ్మ “ఏమిటది, కొత్త చీర రకమా?” అని అడిగింది. ధర్మవరంలో ఒక మాటకు అంతకన్నా మంచి యోగ్యతాపత్రం ఉండదు.

మొదట ఒప్పుకోబుద్ధి కాలేదు, రెండు రోజులుగా పెనవేతను మోస్తున్నాను కాబట్టి. కాగితం మీద పెట్టి పరీక్షించాను. నాకు పేరు ఒక్కటే సరిపోదు, పాఠం నడవాలంటే దాని కుటుంబం మొత్తం కావాలి. ‘ఈ రెండు ఎలక్ట్రాన్లు పెనగొన్నాయి.’ నడుస్తుంది. ‘పెనగొన్న స్థితి.’ నడుస్తుంది. ‘పెనగొనని కణాలు.’ నాలుక ఒకసారి తడబడుతుంది గానీ నడుస్తుంది. చిక్కు అంతా ప్రయోగశాల దగ్గర వచ్చింది. మనం కావాలని రెండు కణాలను ఆ స్థితికి తెచ్చే పనిని ఏమనాలి? నెలకొను నుంచి నెలకొల్పు, మేలుకొను నుంచి మేలుకొల్పు. అయితే పెనగొను నుంచి పెనగొల్పు. ‘స్ఫటికం గుండా లేజరు పంపి రెండు కాంతికణాలను పెనగొల్పుతారు.’ అయ్యవారూ, ఇది సరేనా?


కడప

సరే కాదు, చాలా బాగుంది. నాకు తట్టలేదు.


కర్నూలు

కోర్టులో కూడా పనికొస్తుంది. ‘ప్రతివాది నా కక్షిదారుణ్ణి ఈ వ్యవహారంలో పెనగొల్పాడు.’ న్యాయమూర్తి గారు కళ్ళజోడు తీసి చూస్తారు.


ధర్మవరం

వద్దన్నా. మీకు ఇరికించడం ఉంది కదా, దానితో సర్దుకోండి. దీన్ని కొన్నాళ్ళు శుభ్రంగా ఉండనివ్వండి.


మడకశిర

మేడమ్, ఒక ప్రశ్న. జంట విడిపోవడాన్ని ఏమనాలి? చిక్కు తీరింది అనలేం కదా.


ధర్మవరం

అనలేం తమ్ముడూ. విడివడింది అనవచ్చేమో. కానీ అది నిజానికి విడిపోవడం లేదు, చుట్టూ ఉన్నవాటితో పెనగొని పలచబడుతోంది. మా వైపు రంగు నిలవని చీరను నీళ్ళలో పెడితే రంగు ఎక్కడికీ పోదు, బకెట్టంతా అదే రంగు అవుతుంది. దానికి ‘రంగు దిగింది’ అంటారు. అక్కడి నుంచి ఏదైనా దొరుకుతుందేమో రేపు చూద్దాం, ఇప్పుడు దిద్దవలసిన కాగితాలు ఉన్నాయి. ఆ అబ్బాయికి రెండు మార్కులు వేస్తున్నాను.